సనదు లేని వార్తలు

తెలుగులో ‘సనదు’ అనే మాట పాతదే. ఇనాం భూములకు, జాగీర్లకు ప్రభువులు ఇచ్చిన అధికార పత్రాన్ని మన పెద్దలు సనదు అన్నారు. అరబీ మదరసాలో ఇదే మాటకు మరొక అర్థమున్నది. ఒక హదీసు ఎవరి నోట వెలువడి, ఎవరెవరి ద్వారా మనవరకు చేరినదో తెలిపే వ్యక్తుల వరుసకు సనదు అని పేరు. ఆ వరుసలో ఒక్క మనిషి జాడ తెలియకపోయినా హదీసు వేత్తలు ఆ ఉల్లేఖనాన్ని పక్కన పెట్టేవారు. అది దైవప్రవక్త (సఅసం) పేరిట చెప్పబడిన మంచి మాటే అయినప్పటికీ పక్కన పెట్టేవారు.

ఈ వ్యాసంలో నేను పరిశీలింపదలచినది 2020 మార్చి, ఏప్రిల్ నెలలలో తబ్లీగీ జమాఅత్‌ను గూర్చి తెలుగులో వెలువడిన వార్తల భాష. ఇన్నేళ్ళ తర్వాత దానిని మరల ఎత్తుకొనడం ఎందుకని కొందరు పాఠకులు అడుగవచ్చును. విదేశీ జమాఅత్ సభ్యులకు ఆశ్రయమిచ్చారన్న ఆరోపణపై 70 మంది భారతీయుల మీద పెట్టిన 16 కేసులను ఢిల్లీ హైకోర్టు 2025 జూలై 17న కొట్టివేసింది. అనగా ఆ వదంతుల కాలం నుండి ఈ తీర్పు వరకు ఐదేళ్ళు పైబడినవి. ఆ తీర్పు వార్తను తాము ఎక్కడ, ఏ పుటలో చదివారో, అసలు చదివారో లేదో పాఠకులు ఒకసారి గుర్తు చేసుకొన వలెనని కోరుతున్నాను. 2020 ఏప్రిల్ నాటి వార్తలను గుర్తు చేసుకొనడానికి మాత్రం ఎవరికీ ప్రయాస అవసరముండదు.

ముందు జరిగిన సంగతులను వరుసగా చెప్పుకొందాము. ఢిల్లీ నిజాముద్దీన్‌లోని జమాఅత్ కేంద్రంలో మార్చి 13 నుండి 15 వరకు సమావేశాలు జరిగినవి. మార్చి 13న కేంద్ర ఆరోగ్య శాఖ ప్రతినిధియే ఇది ఆరోగ్య అత్యవసర స్థితి కాదని విలేఖరులతో అన్నారు. మార్చి 16న ఢిల్లీ ప్రభుత్వం 50 మందికి మించి గుమికూడరాదని ఉత్తరువు చేసింది. 22న జనతా కర్ఫ్యూ. అదే రాత్రి నుండి ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయినవి. 24 అర్ధరాత్రి నుండి దేశమంతటా లాక్‌డౌన్. అంతకు ముందే కరీంనగర్‌లో ఇండోనేషియా నుండి వచ్చిన బృందానికి వ్యాధి సోకినట్లు తేలింది. మార్చి 30 రాత్రి తెలంగాణ ముఖ్యమంత్రి కార్యాలయం, నిజాముద్దీన్ సమావేశాలకు వెళ్ళివచ్చిన ఆరుగురు రాష్ట్రంలో మరణించారని ప్రకటించింది.

ఇంతవరకు అన్నీ యథార్థాలే. వ్యాధి సోకినదీ నిజం, ఆరుగురు చనిపోయినదీ నిజం. దీనిని దాచవలసిన అవసరం మనకు లేదు. ఆ మరునాటి నుండి మొదలైనది వేరొక వ్యవహారం.

ఉప్పల్, నాచారం ప్రాంతాలు పాతబస్తీ వంటివి కావు. కర్మాగారాల కోసం వచ్చి స్థిరపడినవారు, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుండి వచ్చినవారు, ఇక్కడి పాత గ్రామస్థులు అందరూ కలగలిసి ఉండే వాడలివి. ఇక్కడ ముస్లిం కుటుంబం గోడకు అవతల సాధారణంగా తెలుగు కుటుంబమే ఉంటుంది. మన గురించి తెలుగు పత్రికలు, తెలుగు చానళ్ళు ఏ మాట వాడినా అది ఆ రోజే గోడ దాటి వస్తుంది. ఆ ఏప్రిల్‌లో ఒక కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న మా పొరుగు పెద్దమనిషి మెట్ల దగ్గర నిలబడి, “మౌలానా సాబ్, మర్కజ్ అంటే ఏంది? ట్రైనింగు క్యాంపా?” అని అడిగారు. ఆయనకు మాపై ద్వేషమేమీ లేదు. మర్కజ్ అంటే కేంద్రమని, అరబీలో తపాలా కేంద్రాన్ని కూడ ఆ మాటతోనే చెప్పవచ్చునని అన్నాను. ఆయన ఆశ్చర్యపోయారు. “మరి టీవీలో అట్ల చెప్తలేరు గద” అన్నారు.

అనువాదకునిగా నాకు ఇక్కడే అసలు విషయం కనబడుతున్నది. ‘కేంద్రం’ అన్న తెలుగు మాట అందుబాటులో ఉండగా దానిని అనువదింపకుండ వదలిన కారణమేమి? అనువాదం చేయని మాట చుట్టూ చీకటి ఉంటుంది. ఆ చీకటిలో ఎవరికి తోచినది వారు చూస్తారు. ‘మర్కజ్ లింకులు’ అన్న పదబంధం అట్లు పుట్టినదే. గుడిలో, చర్చిలో, పెండ్లిలో, విమానంలో వ్యాధి సోకినవారికి ‘కాంటాక్టులు’ ఉన్నవి. వీరికి ‘లింకులు’ ఉన్నవి. మొదటిది వైద్యుని మాట, రెండవది పోలీసు మాట. అదే విధంగా రైళ్ళు ఆగిపోయి ఎక్కడివారక్కడ ఉండిపోయినప్పుడు ఇతరులు ‘చిక్కుకుపోయారు’, మసీదులలోనివారు ‘దాక్కున్నారు’. క్రియాపదం ఒక్కటి మారినది. వార్తలో తక్కిన ప్రతి అక్షరమూ నిజమే కావచ్చును. అయినను పాఠకుని మనస్సులో నేరస్థుడు తయారైనాడు.

హదీసు శాస్త్రంలో దీనికి పేరున్నది. ఉల్లేఖకుడు తన సొంత మాటను మూలపాఠంలో కలిపివేసి, వినేవానికి రెండింటి హద్దు తెలియకుండ చేస్తే దానిని ‘ఇద్రాజ్’ అంటారు. ఆ కలిపిన మాట ఎంత చిన్నదైనా వేరు చేసి చూపించడానికి మన పూర్వ పండితులు గ్రంథాలే వ్రాశారు. ‘దాక్కున్నారు’ అన్నది విలేఖరి చూచిన సంగతి కాదు, అతని ఊహ. అది సంగతిలో కలిసిపోయినది. ఇక ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’ అని మొదలయ్యే వార్తలను గూర్చి చెప్పనక్కరలేదు. బలహీనుడైన ఉల్లేఖకుని పేరు మరుగుపరచి, బలమైన చోటి నుండి విన్నట్లు ధ్వనింపజేయడాన్ని ‘తద్‌లీస్’ అన్నారు. ఒక్కసారి ఆ పని చేసి పట్టుబడిన మనిషి తర్వాత చెప్పిన మాటను కూడ, తాను ఎవరి నుండి స్వయంగా విన్నదీ స్పష్టం చేస్తే గాని అంగీకరించేవారు కారు.

దృశ్యాల సంగతి ఇంతకంటె మోటుగా ఉండినది. పోలీసుపై ఉమ్మిన మనిషి వీడియో ముంబయిలో ఒక విచారణ ఖైదీది, ఫిబ్రవరి నెలాఖరుది, జమాఅత్‌తో సంబంధం లేనిది. పళ్ళెములు నాకుతున్న వీడియో దావూదీ బోహ్రాలది, పాతది. మెతుకు వృథా కానీయకూడదన్న వారి ఆచారం అది. మూకుమ్మడిగా తుమ్ముతున్నారని చూపినది సూఫీల శ్వాస జిక్ర్. పండ్ల బండివాని వీడియో మధ్యప్రదేశ్‌లోని రాయ్‌సేన్‌ది, ఫిబ్రవరిలో తీసినది. నాలుగింటిలోనూ బొమ్మ అసలైనదే. తేదీ, ఊరు, సందర్భం మాత్రం ఊడిపోయినవి. సనదు తెగిన ఉల్లేఖనం అంటే ఇదే. ఈ చివరి వీడియో తర్వాత బండివాని పేరు అడిగి పండ్లు కొనే మాట దేశంలో పలుచోట్ల వినవచ్చింది. రోజు కూలి మీద బ్రతికేవానికి అది చానళ్ళ చర్చ కాదు, ఆ పూట అన్నం.

కాని ఈ అబద్ధపు వీడియోలు నన్ను అంతగా కలవరపరచలేదు. వాటి గుట్టు కొద్ది రోజులలోనే బయటపడినది. నిజమైన అంకె ఒకటి చేసిన హాని ఎక్కువ. ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్య శాఖ దేశంలోని 14,378 కేసులలో 4,291 కేసులు ఈ ఒక్క సమావేశానికి సంబంధించినవని ప్రకటించింది. దాదాపు 30 శాతం. తెలంగాణలో 79 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 61 శాతం అన్నారు. చెప్పినది ప్రభుత్వం, చెప్పిన చోటు అధికారికం, అంకె సరియైనది. సనదుకు వంక లేదు.

హదీసు పండితులు ఇటువంటి దానినే అన్నిటికంటె కష్టమైనదిగా ఎంచారు. వరుస చక్కగా ఉండి, పాఠం చక్కగా ఉండి, లోపల కనబడని జబ్బు ఉన్న ఉల్లేఖనాన్ని ‘ముఅల్లల్’ అన్నారు; ఆ జబ్బు పేరు ‘ఇల్లత్’. దానిని పట్టగలిగినవారు తరానికి కొద్దిమందే. ఈ 79 శాతంలో ఇల్లత్ ఏమంటే, ఆనాడు ఎవరిని పరీక్షించారన్నది. విదేశాల నుండి వచ్చినవారు, వారిని కలిసినవారు, లక్షణాలు ముదిరినవారు తప్ప సామాన్యులకు పరీక్షలు లేవు. మార్చి 30 తర్వాత ఢిల్లీకి వెళ్ళివచ్చినవారి జాబితాలు తీసి, ఇండ్ల తలుపులు తట్టి, వారినీ వారి కుటుంబాలనూ వెదకి పరీక్షించారు. వ్యాధి నివారణకు అది చేయవలసిన పనియే. కాని ఒక్క చెరువులోనే వల వేసి, చేపలన్నీ ఆ చెరువులోనే ఉన్నవని చెప్పడం న్యాయం కాదు. పరీక్షలు చాలవని తెలంగాణ హైకోర్టు ఆ సంవత్సరమే రాష్ట్ర ప్రభుత్వాన్ని పలుమార్లు మందలించింది. ఆ మందలింపును 79 శాతం పక్కన పెట్టి చదివిన పాఠకులు ఎందరు? ఏప్రిల్ 8న ఏ వర్గం మీదా వ్యాధి ముద్ర వేయరాదని సలహా పత్రం ఇచ్చిన ఆరోగ్య శాఖయే పది రోజులకు ఈ అంకెను విడుదల చేసినది. ఇది కూడ గమనార్హం.

మన ప్రాంతానికి సంబంధించిన విచిత్రమొకటి ఇక్కడ చెప్పవలసి ఉన్నది. 1977లో ప్రారంభమైన హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం రామంతాపూర్‌లో ఉన్నది. నేర పరిశోధనలో సాక్ష్యాన్ని పరీక్షించే కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల కూడ అక్కడే. ఉప్పల్ రోడ్డు మీద హబ్సిగూడలో సి.సి.ఎం.బి. ఉన్నది. నాచారంలో ఎన్.టి. రామారావు గారు కట్టించిన రామకృష్ణ స్టూడియో ఉన్నది. వార్త, సాక్ష్యం, శాస్త్రం, కథ నాలుగూ కొద్ది మైళ్ళ మధ్యనే ఉన్నవి. 2020లో సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు వైరసు జన్యుక్రమాలను పరిశీలించి, జూన్‌లో ఏ3ఐ అన్న రకాన్ని గుర్తించారు. తర్వాతి నెలలలో ఏ2ఏ అన్న రకం దానిని వెనుకకు నెట్టివేసినది. ఏ రకం ఏ దిక్కు నుండి వచ్చినదో ఆ పరీక్షలో కొంత తెలియవచ్చును; ఏ మతం వాని గొంతులో ప్రయాణం చేసినదో తెలియదు. ఆ ప్రయోగశాల గోడ పక్కగా బస్సులో పోతూ ప్రజలు నమ్మినది మాత్రం నాలుగవ సంస్థ ఉత్పత్తి వంటి దానిని.

ఇక మన ఇంటి సంగతి. ఇంతవరకు చదివి తలలూపిన పాఠకులలో కొందరికి ఇది రుచింపకపోవచ్చును.

2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాల వదంతి తెలంగాణ అంతటా వ్యాపించినది. కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ఒక ప్రచార చిత్రపు ముక్క కూడ ఆ వదంతులకు సాక్ష్యంగా తిరిగినది. గద్వాల ప్రాంతంలో పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి గారు దప్పులతో, జానపద గాయకులతో ఊరూర చాటింపు వేయించి దానిని అరికట్టారు. మన పాతబస్తీలో చాంద్రాయణగుట్ట వద్ద మాత్రం ఒక హిజ్రాను గుంపు కొట్టి చంపినది. 2020 ఏప్రిల్ 1న ఇండోర్‌లోని ఒక ముస్లిం వాడలో ఆరోగ్య సిబ్బంది మీద రాళ్ళు పడినవి. దాని వెనుకనూ వదంతులే ఉన్నవి. మరుసటి సంవత్సరం టీకాలలో పంది కొవ్వు ఉన్నదన్న మాట మన వాట్సాప్ బృందాలలో ‘ఉలేమా ఇలా అన్నారు’ అన్న ముద్రతో తిరిగినది. ఏ ఆలిం? ఎక్కడ? ఎప్పుడు? కోవిషీల్డులోను, కోవాగ్జిన్‌లోను పంది పదార్థం లేదు.

సదుద్దేశం ఇందులో సాకు కాదు. ఖుర్‌ఆన్ సూరాల మహిమలను గూర్చి హదీసులు కల్పించిన నూహ్ బిన్ అబీ మర్యం, జనులను ఖుర్‌ఆన్ వైపు మళ్ళించడానికే ఆ పని చేశానన్నాడు. పండితులు అతనిని అబద్ధీకుల జాబితాలోనే చేర్చారు. ఇమాం ముస్లిం (మరణం హిజ్రీ 261) తన సహీహ్ పీఠికలో సజ్జనుల నోట వెలువడే అసత్యాన్ని గూర్చి ప్రత్యేకంగా హెచ్చరించినది ఇందుకే. సూరా హుజురాత్ ఆరవ ఆయతును మనము 2020లో చానళ్ళ వారికి వినిపించాము. ఆ ఆయతు సంబోధించినది విశ్వాసులను.

బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి 2020 ఆగస్టు 21 నాటి తీర్పు మన వారిలో ఎంతగా ప్రచారమైనదో తెలిసినదే. 29 మంది విదేశీయులపై కేసులు కొట్టివేస్తూ జస్టిస్ నలవడే, వారిని బలిపశువులుగా చేసినట్లు కనబడుతున్నదని, పత్రికా ప్రచారం తగనిదని వ్రాశారు. అందులో ప్రతి మాటా మనకు ఊరటయే. అయితే అదే బెంచిలోని జస్టిస్ సెవ్లీకర్ కేసుల కొట్టివేతతో ఏకీభవించి, సహ న్యాయమూర్తి వ్యాఖ్యలలో కొన్నింటితో ఏకీభవింపడంలేదని విడిగా వ్రాశారు. మనము పంచుకొన్న ఉర్దూ, తెలుగు సంగ్రహాలలో నేను చూచిన వేటిలోనూ ఈ రెండవ భాగం లేదు. తీర్పు ఫలితం దానివల్ల మారదు. కాని దానిని వదలివేయడం పైన చెప్పిన తద్‌లీస్‌కు ఎంత దూరం?

ఇమాం బుఖారీ తన సంకలనంలో ఇమ్రాన్ బిన్ హిత్తాన్ ఉల్లేఖనాన్ని స్వీకరించారు. ఆయన ఖారిజీ పక్షపు కవి. విశ్వాసాలలో పూర్తిగా ఎదుటి పక్షం. నోటి మాటలో సత్యవంతుడు. స్వీకరణకు అది చాలినది. 2020లో మన పక్షాన సాక్ష్యం చెప్పిన న్యాయమూర్తులు, వీడియోల గుట్టు విప్పిన విలేఖరులు, అంకెలోని లోపం చూపిన శాస్త్రవేత్తలు ఎక్కువమంది మన మతంవారు కారు. వారి సాక్ష్యాన్ని ఆనందంగా స్వీకరించాము. మార్చి 16 నాటి ఉత్తరువు తర్వాత రైళ్ళు ఆగేవరకు ఆరు రోజుల వ్యవధి ఉండగా నిజాముద్దీన్ పెద్దలు భవనాన్ని ఎందుకు ఖాళీ చేయించలేకపోయారన్న ప్రశ్న కూడ వారిలో కొందరు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్ప ప్రయత్నించిన వ్యాసం నేను చదివే మన పత్రికలలో ఇంతవరకు కనబడలేదు.