అచ్చులో కనిపించని మాత్ర: ప్రాథమిక పాఠశాలలో బాలగేయం, సంగీతబోధన

ప్రాథమిక తరగతుల గేయపాఠాల అభ్యాసాల్లోనూ, ఉపాధ్యాయుల పాఠ్యపథకాల్లోనూ తరచూ కనిపించే మాట ‘రాగయుక్తంగా పాడించడం’. ఏ రాగం, ఏ గతి, ఎక్కడ విరామం అన్న ప్రశ్నలకు ఆ మాటలో సమాధానం లేదు. వాడుకలో దాని అర్థం ‘ఏదో ఒక బాణీలో’ అని మాత్రమే. పద్యానికి గణవిభజన, యతిప్రాసలు అంత శ్రద్ధగా చెప్పే భాషాబోధన గేయం దగ్గరికి వచ్చేసరికి అర్థతాత్పర్యాలతో, ప్రశ్నోత్తరాలతో సరిపెట్టుకుంటుంది. చిన్న తరగతుల్లో సంగీతం చెప్పేవారు లేరన్న లోటు వాస్తవమే. గేయంలోనే ఉన్న సంగీతాన్ని గుర్తించే పద్ధతి తెలుగు విమర్శలో బలపడకపోవడం మాత్రం అంతకన్న పాత లోటు.

మొదటి లోటు చట్టంలోనే కనిపిస్తుంది. జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం-2005 కళావిద్య పదవ తరగతి వరకు అందరికీ ఉండాలని ప్రతిపాదించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకులను 6-8 తరగతులకే, అదీ పిల్లలు 100 మందికి మించిన చోటనే నిర్దేశించింది. 1-5 తరగతులకు అటువంటి నిర్దేశం లేదు. కాబట్టి చెవి, గొంతు, అడుగు కలిసి లయను పట్టుకునే వయసులో పిల్లల సంగీతం తరగతి ఉపాధ్యాయుని చేతికే వస్తుంది. అదీ గేయపాఠం రూపంలో.

ఆ గేయాన్ని ఛందస్సు ఎలా కొలుస్తుంది? లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ‘చెమ్మచెక్క’ ఆటపాటకు ఈ లెక్క చక్కగా సరిపోతుంది. మూడేసి మాత్రల త్ర్యస్రగతి అది. అరచేతులు తట్టుకునే చోటే గణం మొదలవుతుంది. ‘కాళ్ళాగజ్జె’ దగ్గర లెక్క తడబడుతుంది. ప్రచారంలో ఉన్న పాఠంలో మొదటి రెండు తునకలకు 7 మాత్రల చొప్పున, తర్వాతి రెండింటికి 6 మాత్రల చొప్పున వస్తాయి. కాగితం మీద చూసినవారు మొదట మిశ్రగతి అని, తర్వాత త్ర్యస్రమని, చివరికి గతి కుదరలేదని తీర్మానించవచ్చు. చాచిన కాళ్ళను వరుసగా తాకుతూ పోయే పిల్లకు ఆ సందేహమే లేదు. ఆమె చేయి సమానకాలంలో కదులుతుంది. ప్రతి తునకా 8 మాత్రల కాలాన్ని నింపుతుంది. తక్కువైన మాత్రను గొంతు సాగదీసో, ఊపిరి ఆపో పూరిస్తుంది. ఆ పాట చతురస్రగతిలో ఉంది. దానికి సాక్ష్యం పాఠంలో లేదు, ఆటలో ఉంది.

శాస్త్రానికి ఇది కొత్త విషయం కాదు. వ్యాకరణం మూడు మాత్రల ప్లుతాన్ని గుర్తించింది. సంగీతశాస్త్రం ప్లుతాన్ని, కాకపాదాన్ని తాళాంగాలలో చేర్చుకుంది. పద్యఛందస్సు లఘుగురువులతో తృప్తి పడింది. పద్యానికి అవి చాలు, ఆటపాటకు చాలవు. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ వంటి గ్రంథాలు ఇటువంటి పాటలకు పరిశోధనలో గౌరవస్థానం కల్పించాయి. ఆ తర్వాతి కృషి వస్తువర్గీకరణ వైపు మొగ్గినంతగా కాలపరిమాణం వైపు మొగ్గలేదు. పాదంలో ‘లోపించిన’ మాత్రకు ఒక అక్షరం అతికించి పాటను సవరించే సంస్కర్త దానికి ఉపకారం చేయడు. పిల్ల గొంతు సాగవలసిన చోటును మూసివేస్తాడు.

‘ఒప్పులకుప్ప’ మరొక పాఠం చెబుతుంది. చేతులు పట్టుకొని తిరిగే ఇద్దరు పిల్లలు వేగం పెంచుతూ పోతారు. వేగం పెరిగినా గతి మారదు. గతి వేరు, కాలం వేరు అన్న సంగతిని సంగీత విద్యార్థికి నిర్వచించి చెప్పవలసి వస్తుంది. ఇక్కడ పాదాలకు అది ముందే తెలుసు. (కళ్ళు తిరిగి కూలబడటం కూడా ఆ శిక్షణలో భాగమే.)

సంగీతమంటే స్వరజ్ఞానం కదా, సరళీస్వరాలు లేకుండా చప్పట్లతో ఏం వస్తుందన్న అభ్యంతరం సహజం. పురందరదాసు ఏర్పరచాడని సంప్రదాయం చెప్పే అభ్యాసక్రమం, అంటే మాయామాళవగౌళలో సరళీవరుసలు, జంటవరుసలు, అలంకారాలు, ఆపైన గీతాలు, గురువు ఎదుట కూర్చోబెట్టి ఒక్కొక్క గొంతును దిద్దే బోధనకు తగినది. శుద్ధ రిషభానికీ అంతర గాంధారానికీ ఉన్న దూరాన్ని నిండిన తరగతిలోని ఆరేళ్ళ పిల్లల చేత, శ్రుతిజ్ఞానం లేని ఉపాధ్యాయుడు పలికించబూనడం ఇరువురికీ శిక్ష. హంగరీ స్వరకర్త జోల్తాన్ కొదాయ్ మాతృభాషలోని ఆటపాటలు, జానపదగీతాలతోనే సంగీతవిద్య మొదలుకావాలని వాదించాడు. 1950లో కెచ్కెమెట్ పట్టణంలో ఆ దృక్పథంతో సంగీతప్రధానమైన ప్రాథమిక పాఠశాల ఏర్పడింది. ఆ పద్ధతిలో లయను ‘త’, ‘తితి’ అన్న పలుకులతో నేర్పుతారు. తెలుగు బడికి ఆ పలుకులు అరువు తేనక్కరలేదు. తకిట, తకధిమి, తకతకిట, తకిటతకధిమి అన్నవి భాషోపాధ్యాయునికి తెలిసిన 3, 4, 5, 7 మాత్రల గణాలే.

అయితే సాగదీత అన్నిచోట్లా గుణం కాదు. గురజాడ ముత్యాలసరంలో 14 మాత్రల పూర్తి పాదం మూడు-నాలుగు, మూడు-నాలుగుగా నడుస్తుంది. ‘దేశభక్తి’ గేయాన్ని ప్రార్థనా సమావేశంలో కవాతు అడుగుకు పాడిస్తే మూడు మాత్రల గణం నాలుగుకు సాగుతుంది. మిశ్రగతి చతురస్రంలోకి జారిపోతుంది. గురజాడ నడక పోయి సిపాయి నడక మిగులుతుంది. ఎక్కడ సాగాలి, ఎక్కడ సాగకూడదు అన్న వివేకం శ్రుతిజ్ఞానం మీద కాక ఛందోజ్ఞానం మీద ఆధారపడింది. ‘నాకు సంగీతం రాదు’ అని తప్పుకునే తెలుగు ఉపాధ్యాయుని దగ్గర ఆ జ్ఞానంలో సగం ఇప్పటికే ఉంది.

మిగతా సగం వాచకం ఇవ్వగలదు. కర్ణాటక సంగీత గ్రంథాల్లో ఒక అక్షరకాలపు పొడిగింపుకు కామా, రెండింటికి సెమీకోలన్ చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. గేయపాదాల మధ్య అవే గుర్తులు, పైన గతి పేరు అచ్చువేస్తే సరిపోతుంది. స్వరలిపి మాత్రం వద్దు. ఒకే ఆటపాటకు శ్రీకాకుళంలో ఒక బాణీ, కరీంనగర్‌లో మరొక బాణీ ఉండవచ్చు. ఏ పిల్ల ఇంటినుంచి తెచ్చిన బాణీ ఆ పిల్లదే.