అంబలి తేటబడితే

ఎండలు ముదిరాయంటే అనంతపురం రోడ్ల పక్కన అంబలి బండ్లు కనిపిస్తాయి. అక్కడ తాగి రుచి మరిగి, ఇంట్లో చేసుకోవడం మొదలుపెట్టిన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "అన్నా, రాత్రి కలిపిన రాగిపిండి పొద్దున్నికి విడిపోయింది. పైన నీళ్లు తేరినాయి, అడుగున మడ్డి. పారబోయల్లనా?"

వద్దు. పచ్చి రాగిపిండి నీళ్లలో కరగదు. గంజి రేణువులూ పొట్టూ బరువుకి కిందికి దిగుతాయి. పైన తేరిన నీళ్లలో ఉన్నది లాక్టిక్ బాక్టీరియా పుట్టించిన పులుపు. మన కడుపు నింపే పిండంతా అడుగునే ఉంది. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములు దాటి కాల్షియం ఉంటుందని గొప్పగా చెప్పుకుంటూ ఆ మడ్డిని వదిలేస్తే ఎట్లా?

ఆ విడిపోయినదాన్ని అడుగుదాకా కలిపి, మరిగే ఎసట్లో సన్నగా పోస్తూ తిప్పాలి. వేడికి గంజి ఉబ్బి చిక్కబడి, రేణువుల్ని కిందికి జారనివ్వదు. మంచి అంబలి గ్లాసులో ఒకే తీరుగా మసకగా ఉండేది అందుకే. ఉడికాక కూడా గబగబా విడిపోతోందంటే ఉడుకు చాలలేదు, లేదా నీళ్లు ఎక్కువయ్యాయి. మజ్జిగ మాత్రం పూర్తిగా ఆరాకే పోయండి. వేడి మీద పోస్తే విరిగి పలుకులు కడుతుంది.

బవేరియాలో గోధుమ బీరును కూడా మసకగానే ఇష్టపడతారు. గోధుమలోని ప్రోటీన్లూ, తేలాడే ఈస్టూ దానికా మసక తెస్తాయి. సీసాలో చివరి గుక్కెడు మిగలగానే గుండ్రంగా తిప్పి, అడుగున పేరుకున్న ఈస్టును కూడా గ్లాసులోకి వంచుతారు. వడగట్టి తేటగా చేసిన రకమూ ఉంది, కానీ మసకగా ఉండేదే ఎక్కువమందికి తెలిసిన గోధుమ బీరు.

మన కన్నుకి తేట మీద మక్కువ ఎందుకో నాకు అర్థమవుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లు వాన పడితే అదే పదివేలనుకునే నేల ఇది. వచ్చిన ఆ కాసిని నీళ్లూ ఎర్రమట్టితో వస్తాయి. బురద నీళ్లలో చిల్లగింజ అరగదీసి కలిపితే మట్టి అడుక్కి దిగుతుందని సుశ్రుతుడి కాలానికే తెలుసు. అయితే అలా తేరిన నీళ్లలోనూ రోగక్రిములు ఉండొచ్చు, కాచుకునే తాగాలి. నీళ్లలోనే తేటని నమ్మలేనప్పుడు అంబలికి దాన్ని కొలతగా పెట్టుకోవడం తప్పని నా అభిప్రాయం.

అంబలికి ముక్కే కొలత. మజ్జిగలాంటి పుల్లని వాసన వస్తే సరే. కుళ్లు వాసన కొట్టినా, పిండి తీగలా సాగినా, నల్లగానో గులాబీగానో బూజు పట్టినా మొత్తం పారబోయండి. పైది తీసేసి మిగతాది వండొద్దు. మన ఎండలకి ఒక్క రాత్రి పులిస్తే చాలు. చలికాలంలో ముందురోజు పులిసిన పిండినీళ్లు గరిటెడు దాచుకుని కలపండి.

పోసేటప్పుడు ప్రతి గ్లాసుకీ గరిటె అడుగుదాకా పోవాలి. లేకుంటే ముందు తాగినవాళ్లకి నీళ్లు, చివరివాళ్లకి ముద్ద.