నాకు దొరికిన రాయి

తొలకరి పడిందంటే వజ్రకరూరు చేలల్లో తలెత్తి నడిచే మనిషి కనపడడు. వాన ఎర్రమన్నును కడిగిపెడుతుంది. ఏటవాలు ఎండలోనే మెరుపు తెలుస్తుందని వజ్రాలు వెతకడానికి పొద్దున్నే సద్దిమూటలతో వస్తారు, కర్నూలు నుంచి, బళ్లారి నుంచి. ఇక్కడ వజ్రాన్ని వజ్రమనరు. 'రాయి దొరికింది' అంటారు, అంతే. ఒకామె వంగి ఒక పలుకు తీసింది. కొంగుతో తుడిచింది, ఎండకేసి తిప్పి చూసింది, పడేసింది. ఆ పడేసిన రాయిని చూస్తే నువ్వే గుర్తొస్తావు నాకు, కార్బింక్!

2013లో పోకెమాన్ ఎక్స్, వై ఆటలతో వచ్చావు. అడుగెత్తు, 5.7 కిలోల బరువు. బూడిదరంగు రాతి ఒళ్లు, దాని మీద నీలి మణులు, మెడ చుట్టూ తెల్లటి మెత్తటి జూలు. నేల అడుగున వేడికీ ఒత్తిడికీ పుట్టావనీ, కోట్ల ఏళ్లు అక్కడే నిద్రపోయావనీ ఆటలోని పోకెమాన్ల చిట్టా, పోకెడెక్స్, చెప్తుంది. అది చదివి ఉలిక్కిపడ్డాను, ఇది మా నేల కథే కదా అని. ఈ చేల కింది కింబర్లైట్ పైపులు సుమారు 110 కోట్ల ఏళ్లనాటివి. 150 కిలోమీటర్లకు పైబడిన లోతు నుంచి వజ్రాన్ని మోసుకొచ్చింది ఆ శిలే. మోసుకొచ్చి, తాను మాత్రం ఎండకూ నీటికీ చివికి మన్నైపోయింది. దానికి దండం పెట్టినవాళ్లెవరు?

నిన్ను చూసినవాళ్ల మనసంతా డయాన్సీ మీదే. మీ జాతిలోనే ఒకటి ఉన్నట్టుండి మారిపోయి, లోకంలోకెల్లా అందమైన గులాబీ వజ్రమైందట. 2014లో దాని మీద సినిమా కూడా వచ్చింది. ఆటలో నిన్నెంత పెంచినా అలా మారవు. వందో లెవెల్‌కి చేరినా కార్బింక్‌వే. అందుకే నిన్ను పెట్టెలో పెట్టి మరిచిపోతారు. నేను మరవలేదు.

నీ దాడి 50, వేగం 50. కాపు మాత్రం 150, రెండు రకాల దెబ్బలకీ. కొట్టడానికి కాదు, కాయడానికి పుట్టావు నువ్వు! డ్రాగన్ దెబ్బ నిన్ను తాకనే తాకదు. ఉక్కు దెబ్బ తగిలితే నాలుగింతల నొప్పి. అయినా ముందుకొచ్చి నిలబడతావు. రిఫ్లెక్ట్ వేస్తావు, లైట్ స్క్రీన్ వేస్తావు. నువ్వు కూలిపోయాక కూడా ఆ వెలుగు గోడలు కాసేపు నిలిచే ఉంటాయి. నీ తర్వాత వచ్చేవాళ్లు వాటి చాటున పోరాడి గెలుస్తారు. చప్పట్లు వాళ్లకి. నా కళ్లలో మాత్రం నీ గోడల వెలుగే.

మీ గుంపులో ఒకరి మణులు మాసిపోకుండా ఇంకొకరు తమ జూలుతో తుడుస్తారట.

చేలో ఆమెకి ఇంకో రాయి కనపడింది. పక్కామె దాన్ని చేతిలోంచి అందుకుని, తన కొంగుతో, మన్ను పోయేదాకా తుడుస్తోంది.