ఒడ్డున నిలబడటమూ పనే

పడవ ఒడ్డుకు తగిలిన క్షణాన మనిషి లేవలేడు. ఐదారు గంటలు ఇరుకైన కయాక్‌లో కాళ్లు చాచుకుని కూర్చుని 70 కిలోమీటర్లు తెడ్డు వేసినవాడికి నడుము కింద ఒళ్లు ఉందో లేదో తెలియదు. అప్పుడు ఇద్దరు మోకాలి లోతు నీళ్లలోకి దిగుతారు. ఒకరు పడవ ముందుకొన పట్టుకుని కదలకుండా అదిమి ఉంచుతారు. ఇంకొకరు వెనకనుంచి చంకల కింద చేతులు పోనిచ్చి ఎత్తుతారు. చేతులు పట్టి లాగకూడదు. అన్ని గంటలు తెడ్డు వేసిన భుజాలు ఆ లాగుడు ఓర్చుకోలేవు. నిలబెట్టగానే వదిలెయ్యనూ కూడదు. కాళ్లలోకి సత్తువ వచ్చేదాకా అతని బరువంతా మన మీదే ఉంటుంది.

ఆ బరువు ఎంతో నాకు తెలుసు. వైమకరిరి నది మీద గార్జ్ బ్రిడ్జి దగ్గర, గులకరాళ్ల ఒడ్డున, మా తమ్ముడు పడవ పట్టుకుంటే మా ఆయన్ని ఎత్తింది నేను.

న్యూజిలాండ్ దక్షిణ దీవిని పడమటి సముద్రం నుంచి తూర్పు సముద్రం దాకా అడ్డంగా దాటే పోటీ అది. పేరే కోస్ట్ టు కోస్ట్. రాబిన్ జడ్కిన్స్ 1983లో మొదలుపెట్టాడు. మొదటి ఏడాది పాల్గొన్నది 79 మంది. టాస్మన్ సముద్రం ఒడ్డున కుమారా బీచ్‌లో బయల్దేరి, క్రైస్ట్‌చర్చ్‌లో పసిఫిక్ ఒడ్డున ఆగాలి. మొత్తం 243 కిలోమీటర్లు. బీచ్ నుంచి సైకిళ్ల దాకా చిన్న పరుగు, 55 కిలోమీటర్ల సైకిలు, సదరన్ ఆల్ప్స్ కొండల్లో గోట్ పాస్ మీదుగా 30 కిలోమీటర్ల పైచిలుకు పరుగు, మళ్లీ కాస్త సైకిలు, ఆ తర్వాత నది, చివర ఇంకో 70 కిలోమీటర్ల సైకిలు. రెండు రోజుల్లో పూర్తి చేసేవాళ్లున్నారు. 1987 నుంచి అంతా ఒక్క రోజులోనే దాటేసే విభాగమూ ఉంది. దాన్ని లాంగెస్ట్ డే అంటారు. ఈ పోటీని తొమ్మిదిసార్లు గెలిచిన స్టీవ్ గర్నీ పేరు ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1997 నుంచి 2003 దాకా వరసగా ఏడేళ్లు ఆయనదే గెలుపు. ఆ ఏడేళ్లూ నది ఒడ్డున ఆయన పడవ పట్టుకున్న చేతులు ఎవరివో నాకు ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ చేతుల గురించే ఈ వ్యాసం. వాళ్లను సపోర్ట్ క్రూ అంటారు. ఎక్కువగా భార్యో, భర్తో, అన్నదమ్ములో, ఆఫీసులో పక్క కుర్చీ స్నేహితుడో. ఇది ఒక విద్య. మనిషి మీద ప్రేమ ఉన్నంత మాత్రాన రాదు, నేర్చుకోవాలి. నాకు ఆలస్యంగా తెలిసింది.

అసలు క్రూ ఎందుకు కావాలో దారి చూస్తే అర్థమవుతుంది. పోటీదారుకి ఉన్నది ఒకే సైకిలు, అది మూడుచోట్ల అవసరం. ఏకెన్స్ దగ్గర సైకిలు దిగి అతను డిసెప్షన్ నది వెంట కొండల్లోకి పరిగెత్తుతాడు. అక్కడ రోడ్డు లేదు. ఆ సైకిలు మనం కారుకి కట్టుకుని, ఒటీరా వంతెన మీదుగా ఆర్థర్స్ పాస్ ఎక్కి దిగి, కొండకి అవతలి పక్కన క్లోండైక్ కార్నర్‌లో అతనికంటే ముందు సిద్ధంగా ఉంచాలి. అక్కడినుంచి అతను మౌంట్ వైట్ బ్రిడ్జి దాకా తొక్కుతాడు. పడవ అప్పటికే నీటి అంచున ఉండాలి. అతను నదిలోకి వెళ్లగానే మళ్లీ సైకిలు మన చేతికి వస్తుంది. నది లోయలోకి పోతే రోడ్డు పోర్టర్స్ పాస్ వైపు తిరుగుతుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ మీదుగా చుట్టి వచ్చి గార్జ్ బ్రిడ్జి దగ్గర మనం నదిని మళ్లీ అందుకుంటాం. నీరూ రోడ్డూ ఇలా విడిపోయిన ప్రతిచోటా, అతని వస్తువులను రోడ్డు మీద మోసేది మనమే. అందుకే ఈ పోటీని ఇద్దరు చేస్తారని నేనంటాను. ఒకరు అడ్డదారిన, ఒకరు చుట్టుదారిన.

ఇక పని సంగతి. అన్నిటికంటే ముందు పెట్టెలు. ఒక్కో మజిలీకి ఒక్కో ప్లాస్టిక్ పెట్టె, మూత మీద పెద్ద అంకె. క్లోండైక్ పెట్టెలో ఉన్నది మౌంట్ వైట్‌లో అవసరమైతే రెండూ కొనాలి, ఒకటి అటూ ఇటూ మార్చకూడదు. పెట్టెలో సర్దేటప్పుడు చివర వేసుకునేది అడుగున, ముందు వేసుకునేది పైన. మేజోళ్లు సగం తిప్పి, మడమ బయటికి కనబడేలా చుట్టి పెడతాం. తడి కాలికి మేజోడు తొడగడం ఎంత కష్టమో పసిపిల్లలున్న వాళ్లకు చెప్పనక్కర్లేదు. బూట్ల తాళ్లు పూర్తిగా వదులు చెయ్యాలి. హెల్మెట్ బకిల్ పెట్టాకే సైకిలు మీద చెయ్యి వెయ్యాలని నియమం, కాబట్టి హెల్మెట్ పట్టుకునే మనిషి, సైకిలు పట్టుకునే మనిషి వేరువేరుగా ఉంటే మంచిది. జనవరిలో మా వరండాలో చాప పరిచి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, ఇదంతా వారానికి రెండుసార్లు సాధన చేశాం. మొదటిరోజు ఏడు నిమిషాలు పట్టింది. చివరికి రెండున్నర.

పడవ కట్టడం ఇంకో విద్య. కారు మీద కట్టే పట్టీని సాపుగా లాగితే గాలికి హోరెత్తిపోతుంది. ఒక మెలిక తిప్పి కడితే మోగదు. పట్టీలు ఎన్ని ఉన్నా అణియానికీ అమరానికీ విడిగా తాళ్లు వేసి కారుకి బిగించాలి. ఆర్థర్స్ పాస్ గాలి అలాంటిది. గోదావరి కాలవ పక్క పుట్టినదాన్ని కాబట్టి పడవ ముందుభాగం అణియమనీ వెనకభాగం అమరమనీ మా తాతయ్య దగ్గరే నేర్చుకున్నాను. ఆ రెండు మాటలూ మళ్లీ నా నోట పలికింది ఇన్నేళ్ల తర్వాత, ఇంత దూరంలో, మా తమ్ముడితో తాడు ముడి వేయిస్తూ.

తిండి విషయంలో ఒకటే సూత్రం: సాధనలో తిననిది పోటీ రోజు పెట్టకూడదు. గంటల తరబడి సాగే శ్రమలో గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థం కావాలని క్రీడా పోషకాహార నిపుణులు చెబుతారు. జెల్ ప్యాకెట్లతో అంతా నింపబోతే మధ్యాహ్నానికి నోరు తీపికి వెగటెత్తుతుంది. మా ఆయనకి ఉడికించి ఉప్పు చల్లిన బంగాళాదుంప ముక్కలు, పులిహోర చిన్న చిన్న ముద్దలు, ఉప్పు గట్టిగా వేసిన పల్చటి మజ్జిగ పనిచేశాయి. వట్టి నీళ్లే అదేపనిగా తాగిస్తే రక్తంలో సోడియం పల్చబడి ప్రాణం మీదికి రావచ్చు. మంచి చేస్తున్నామనుకుంటూ క్రూ చేసే పెద్ద తప్పు ఇదే. నీళ్ల సీసా ఇచ్చే ప్రతిసారీ ఉప్పు మాట గుర్తుండాలి.

ఇవన్నీ చేతి పనులు, ఎవరైనా నేర్చుకోవచ్చు. నాకు కష్టమనిపించింది నోటి పని.

మా ఆయన గోట్ పాస్ దాటి, మింఘా లోయ దిగి క్లోండైక్‌కు వచ్చినప్పుడు ముఖం పాలిపోయి ఉంది. మోకాలి కింద రాళ్లకు చీరుకుపోయింది. నేను కంగారుగా ఎదురెళ్లి, "ఎలా ఉందండీ? ఏం తింటారు? కాలికేమైంది? కూర్చుంటారా?" అని ఒక్క గుక్కలో అడిగాను. ఆయన నావైపు చూశారు. కళ్లు తెరిచే ఉన్నాయి, జవాబు లేదు. ఆ నాలుగు ప్రశ్నల్లో ఒక్కటి కూడా ఆయన బుర్రలోకి వెళ్లలేదు. పక్క గుడారం దగ్గర నెరిసిన జుట్టు ఆవిడ ఒకరు, ఎన్నో ఏళ్లుగా భర్త కోసం వస్తున్నారట, నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా చెప్పారు. అడగకు, చెప్పు. మాది రెండు రోజుల విభాగం కాబట్టి, ఆ రాత్రి గుడారంలో కూర్చుని మర్నాటి మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. అన్నీ ఒకటి రెండు మాటల వాక్యాలే. తాగండి. ఎడమ కాలు. కుడి కాలు. నమలండి. లేవండి.

అలిసిపోయిన మనిషికి నిర్ణయం తీసుకోవడమే పెద్ద మోత. పచ్చదా ఎర్రదా అని అడిగితే, ఆ ఎంచుకోవడానికి కూడా శక్తి ఖర్చవుతుంది. కాబట్టి ఆ నిర్ణయాలు ముందే అతనితో కూర్చుని చేసుకుని, ఆ రోజుకి మనం మోయాలి. మనకంటే ముందు ఎంతమంది ఉన్నారో చెప్పాలా వద్దా? మా ఆయన వద్దన్నారు, చెప్పలేదు. "ఇంకెంత, వచ్చేసింది" అన్న మాట మాత్రం ఎవరికీ అనకూడదు. 70 కిలోమీటర్లు తొక్కాల్సి ఉన్నవాడికి అది అబద్ధమని తెలుసు. ఒకసారి అబద్ధం విన్నాక మన మిగతా మాటలూ నమ్మడు. విసుక్కుంటే పట్టించుకోకూడదు. ఆ రోజు వచ్చే కసురు ఆకలిదీ నిద్రదీ, మన సంసారానిది కాదు.

ఆపేస్తానంటే ఏం చెయ్యాలన్నది కూడా ముందే మాట్లాడుకోవాలి. మేం ఇలా అనుకున్నాం: నోటితో ఆపేస్తానంటే, తినిపించి పది నిమిషాలు కూర్చోబెట్టాకే ఆ మాట వింటాను. కానీ మాట ముద్దగా వస్తున్నా, అడుగు తడబడుతున్నా, చలికి వణుకుతూ ఉన్నవాడికి ఒళ్లు వెచ్చబడకుండానే వణుకు ఆగిపోయినా, ఆయన ఏమన్నా సరే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాను. వణుకు ఆగడం ప్రమాద సూచన. శరీరం వేడి పుట్టించుకోవడం మానేసిందని అర్థం. వైమకరిరి అంటే మావోరీ భాషలో చల్లని నీరు. ఆ పేరు ఊరికే రాలేదు.

నదిలోకి దిగేవాళ్లకు గ్రేడ్ 2 కయాక్ సర్టిఫికెట్ తప్పనిసరి. లోయలో జెట్ బోట్లు కాపలా ఉంటాయి. అవన్నీ తెలుసు. అయినా ఆ ఐదారు గంటలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. చాలాచోట్ల ఈ నది ఒక్క పాయగా పారదు. జడ విప్పినట్టు విడిపోతూ కలుస్తూ, ఏ పాయ లోతో ఏది గులకరాళ్లలో ఆగిపోతుందో పైనుంచి చూసేవాడికి తెలియకుండా పారుతుంది. నిర్ణయాలన్నీ నీళ్లలో ఉన్నవాడివే. మనకు కనబడదు, వినబడదు. మా అత్తగారు తణుకు నుంచి ఫోన్ చేసి, "వాణ్ణి ఒక్కణ్ణీ నదిలోకి ఎందుకు వదిలావమ్మా" అని ఏడ్చారు. ఏం చెప్పను? తమ్ముడు పెట్టెలు మళ్లీ సర్దాడు. నేను సైకిలు గొలుసు తుడిచాను, టైర్లలో గాలి చూశాను, మజ్జిగ సీసా నీడలోకి జరిపాను. ఎదురుచూసేవాళ్లు చేతులకు పని పెట్టుకోవాలి. నెరిసిన జుట్టు ఆవిడ చెప్పిన రెండో మాట ఇది. ఒడ్డు పొడుగునా అందరూ అదే చేస్తున్నారు. ముడి వేసి ఉన్న తాడు విప్పి మళ్లీ వేస్తున్నారు.

మలుపులో మా ఎర్ర రిబ్బను కట్టిన పడవ కనబడగానే తమ్ముడు, "బావా, ఇటు! ఇటు!" అని నీళ్లలోకి పరిగెత్తాడు. తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను. ఎత్తేటప్పుడు నేనన్నది ఒక్క మాట, "పట్టుకున్నాను." ఆయన తల నా భుజం మీద వాల్చారు. నాలుగు ఊపిరులు తీసుకున్నారు. గట్టు మీద సైకిలు దాకా నడిపించాం, సగం మోసినట్టే.

నార్వేలో నార్స్‌మన్ అనే పోటీ ఉంది. దాని చివర కొండ ఎక్కేటప్పుడు సహాయకుడు పోటీదారు పక్కనే నడవాలని నియమమే పెట్టారు. ఆ నియమం నాకు చాలా నచ్చింది. పోటీ ఇద్దరిదన్న సంగతిని వాళ్లు కాగితం మీద ఒప్పుకున్నారు.

ఒప్పుకోవలసింది ఇంకొకటి ఉంది. ఈ పని రెండు రోజులది కాదు. దాదాపు ఏడాది పాటు మా శనివారాలన్నీ ఆయన సాధనకే పోయాయి. ఆయన నదిలో ఉంటే పిల్లల్ని ఈతకు, తెలుగు తరగతికి తిప్పింది నేను. పడవకూ సైకిలుకూ పెట్టిన డబ్బుతో ఆ ఏడు ఇండియా ప్రయాణం మానుకున్నాం. ఇవన్నీ ఇష్టపడే చేశాను, కానీ అడిగి చేయించుకున్నారు కాబట్టి ఇష్టపడ్డాను. పేరు నమోదు చేసే ముందు ఆయన నాతో కూర్చుని, నెలవారీగా ఎవరి వంతు ఏమిటో క్యాలెండర్ మీద రాశారు. ఇంట్లో మాట్లాడకుండా పేరు ఇచ్చేసి, తర్వాత భార్యను క్రూకి రమ్మనే మగవాళ్లను ఇక్కడ చూశాను. అది తప్పు. ఆడవాళ్లు అలా చేసినా తప్పే. భుజం ఇచ్చే మనిషిని మొదటిరోజే అడగాలి.

ముగింపు గీత దగ్గర మెడలో వేసిన పతకం ఆయన తీసి పెట్టె మూత మీద పెట్టారు, మూడో అంకె ఉన్న పెట్టె మీద. ఇప్పుడది ఆ పెట్టెలోనే ఉంది, పడవ పట్టీలతో పాటు.

వచ్చే ఫిబ్రవరికి మీ ఇంట్లో ఎవరైనా కుమారా బీచ్‌కు బయల్దేరుతుంటే, వాళ్లతో పాటు మీరూ ఇప్పటినుంచే సాధన మొదలుపెట్టండి. పడవ ఒకసారి ఎత్తి చూడండి, ఇద్దరూ కలిసి. మనిషిని కూడా ఎత్తి చూడండి. రబ్బరు బూట్లు కొనుక్కోండి, గార్జ్ బ్రిడ్జి దగ్గర నీళ్లు ఎముకలు కొరికేస్తాయి. కుమారాలో తెల్లవారుజామున కుట్టే ఈగలు తెరలు తెరలుగా వస్తాయి, మందు రాసుకోవడం మర్చిపోకండి.