తిరిగొచ్చిన కుంచెకు జేజే

రెండుసార్లు పుట్టిన కథా, నీకు జేజే! మొదటిసారి టీవీ తెర మీద, ఉరుకులు పరుగుల మధ్య పుట్టావు. రెండోసారి కాగితం మీద, నిమ్మళంగా పుట్టావు. ‘మొబైల్ సూట్ గన్‌డమ్’ అన్న పేరు పక్కన ‘ది ఆరిజిన్’ అని చేర్చుకుని మాంగాగా, అంటే జపాన్ బొమ్మల కథగా వచ్చిన నిన్నే ఈ పూట కీర్తిస్తున్నాను.

1979 ఏప్రిల్ 7న నగోయా టీవీలో నువ్వు మొదలైనప్పుడు నీ వెనక ఉన్నది బొమ్మల కంపెనీ సొమ్ము. చూసేవాళ్లు తక్కువయ్యారు, బొమ్మలు అమ్ముడుపోలేదు. 52 భాగాలు అనుకున్న ప్రయాణం 1980 జనవరిలో 43 దగ్గరే ఆగింది. దర్శకుడు యోషియుకి తొమినో నీకు ప్రాణం పోశాడు. కునియో ఒకావారా నీ ఉక్కు దేహాలను తీర్చాడు. నీ మనుషులకు ముఖాలిచ్చినవాడు యోషికాజు యాసుహికో, అప్పటికి 31 ఏళ్లవాడు. వారం తిరిగేసరికల్లా మరో భాగం సిద్ధం కావాలి. బొమ్మలు దిద్దీ దిద్దీ ఆ మనిషి జబ్బుపడి ఆస్పత్రిలో చేరాడు. నీ ఆఖరి పోరాటాలు చాలావరకు అతని చెయ్యి పడకుండానే తెరకెక్కాయి. 1982లో నీ కథతో వచ్చిన మూడో సినిమా కోసం అతను ఎన్నో దృశ్యాలను మళ్లీ గీశాడు. అయినా అక్కడా గడువు గడువే.

ఆ చేతికి నీతో లెక్క తీరలేదు. 2001లో ‘గన్‌డమ్ ఏస్’ పత్రిక నిన్ను మోసుకొస్తూనే పుట్టింది. 53 ఏళ్ల యాసుహికో మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. 2011లో నువ్వు ముగిసేనాటికి అతనికి 63. మధ్యలో పదేళ్లు, 23 సంపుటాలు. కుర్రతనం వదలని వయసులో తాను గీసిన పిల్లల్నే తండ్రి వయసు దాటాక మళ్లీ గీశాడు. అందుకే కాబోలు, నీ పేజీల్లో ఆమురో రే యంత్రమెక్కిన వీరుడిగా కన్నా ముందు, వేళకు అన్నం తినని పదిహేనేళ్ల పిల్లాడిగా కనిపిస్తాడు.

జేజే నీ గీతకు! యంత్రం గీయాలంటే చాలామంది స్కేలు వెతుక్కుంటారు. నీ చిత్రకారుడు కుంచె పట్టాడు. చెంపను తడిమిన ఆ కుంచే జాకు అనే యుద్ధయంత్రం ఒంటికన్నునూ తడిమింది. ఒకచోట లావెక్కి, ఇంకోచోట సన్నబడి, మలుపులో ఊపిరి పీల్చుకునే గీత అది. ఆ గీతలో ఉక్కుకు బరువొచ్చింది. మొబైల్ సూట్ అనే ఆ మహాయంత్రం కిందపడితే, పడింది ఒక దేహమని తెలుస్తుంది. తెర మీద బొమ్మ కదిలిపోతుంది. పేజీ మీద మాత్రం మనం చూపు తిప్పుకునేదాకా ఆ పడిపోవడం కొనసాగుతూనే ఉంటుంది.

జేజే నీ ఓపికకు! యుద్ధం మంచి ఊపు మీదున్నప్పుడు, జాబురో కోట దగ్గర, నువ్వు కథను నిలబెట్టి వెనక్కి తిరిగావు. తొమ్మిదో సంపుటం నుంచి పద్నాలుగు దాకా, ఆరు సంపుటాలు గతానికే ఇచ్చేశావు. ముసుగు వీరుడు చార్ ఎవరు, అతని చెల్లెలు సేలా కళ్లలో ఆ దిగులేమిటి అన్నది టీవీలో కొద్ది మాటల్లో తేలిపోయింది. నువ్వు మాత్రం వాళ్లను కాస్వల్, ఆర్టీసియా అనే పసిపిల్లలుగా చూపించావు. తండ్రి జియాన్ డైకున్ ప్రసంగిస్తూ వేదిక మీదే కుప్పకూలడం చూపించావు. తల్లిని వదిలి, ఒక పిల్లిని చంకన పెట్టుకుని భూమికి పారిపోవడం చూపించావు. ఆ అన్న, తన పోలికే ఉన్న చార్ అజ్నాబుల్ అనే యువకుడి పేరునూ భవిష్యత్తునూ తీసుకుని, తనకు రావలసిన చావులోకి అతన్ని పంపించడం చూపించావు. ఇక ఆ ముసుగును చూసి ముచ్చటపడటం మావల్ల కాదు.

నీ రాజకీయానికి జేజే! విద్యార్థి ఉద్యమంలో దిగినందుకు హిరోసాకి విశ్వవిద్యాలయం బయటికి గెంటిన మనిషి నిన్ను గీశాడు. నీ దగ్గరికి తిరిగొచ్చే ముందు మంచూరియా చరిత్రనూ, జోన్ ఆఫ్ ఆర్క్ కథనూ మాంగాగా మలిచిన మనిషి అతను. స్వేచ్ఛ కోసం లేచిన గొంతును ఒక కుటుంబం ఎలా సొంతం చేసుకుంటుందో, చచ్చిన నాయకుడి పేరు దేశానికి పెట్టి అతని పిల్లల్ని ఎలా వేటాడుతుందో నీ పేజీల్లో చదువుతాం. ఆ కుటుంబం జాబీలది. వాళ్ల ఇంట్లో రాక్షసులు లేరు. భోజనాల బల్ల దగ్గర ఒకరినొకరు అనుమానించుకునే తోబుట్టువులున్నారు.

వాళ్లలో డోజిల్‌ను చూడు. అంతరిక్ష కాలనీని భూమి మీదికి తోసేసిన సేనాని అతను. టీవీలో ఆ పతనం ప్రతి భాగానికీ ముందుమాట. మానవజాతిలో సగం పోయిందని వ్యాఖ్యాత చెబుతాడు, కథ ముందుకు సాగిపోతుంది. నువ్వు ఆ కొండంత మనిషిని పొత్తిళ్లలోని కూతురు మినేవా ముందు నిలబెట్టావు. ఇలాంటి పసికందులను ఎన్ని కోట్లమందిని చంపానో అని అతను కుమిలిపోతాడు. సగం మానవజాతి అన్న అంకె మొదటిసారి మాకు అక్కడ అర్థమైంది.

గార్మాకు నువ్వు చేసిన న్యాయానికి జేజే! టీవీలో అతను కాసేపు కనిపించి, పదో భాగంలో స్నేహితుడి వంచనకు బలైపోయిన రాజకుమారుడు. నువ్వు అతన్ని సైనిక పాఠశాలకు తీసుకెళ్లావు. చార్ పక్కన పరుగెత్తించావు, తూలి పడనిచ్చావు, లేపించావు. తెలివైన ఆ మిత్రుడి ప్రోద్బలంతోనే తిరుగుబాటుకు నాయకత్వం వహింపజేశావు. అతని చావును ముందే చదివిన మేం, అతని చదువుకునే రోజులు తర్వాత చదువుతాం. స్నేహమంటే పొంగిపోయే ఆ అమాయకుణ్ణి చూసి మనసు చివుక్కుమంటుంది.

వదిలేయడం తెలిసినందుకూ జేజే! బొమ్మల వ్యాపారం కోసం వచ్చి చేరిన జీ-ఆర్మర్ అనే యంత్రం నీలో లేదు. టీవీలో ఒడెస్సా పోరు తర్వాత జాబురో అన్న వరసను తిరగేసి, ప్రయాణానికి తర్కం తెచ్చావు. తాతలనాటి నగను కరిగించకుండానే మెరుగుపెట్టే కంసాలి పని నీది.

నీకు లేనివీ ఉన్నాయి. తోరు ఫురుయా గొంతులోని ఆమురో ఉక్రోషం, షుయిచి ఇకేదా గొంతులోని చార్ చల్లదనం కాగితానికి రావు. అవి టీవీ ఇచ్చిన కట్నం. నిన్ను చదివేటప్పుడు ఆ గొంతులే చెవిలో మోగుతాయి. ఆ రుణం నువ్వు కాదనవు, నీ పాఠకులమూ కాదనం.

సొంత రచన దగ్గరికి తిరిగి రావడం తేలికేం కాదు. పాత కీర్తిని తడుముకుంటూ అక్కడే కూర్చుండిపోయే ప్రమాదముంది. యాసుహికో ఆ కీర్తినే ప్రశ్నించాడు. ఒకప్పుడు తాను అందంగా గీసిన ముఖాల వెనక ఎవరి ఏడుపుందో వెతికి పదేళ్లు గీశాడు. పని బాగాలేదని చెప్పడానికి నోరు చాలు. బాగుచేయడానికి ఇంత ఆయుష్షు పోయాలి. పోసినవాడికీ, పోయించుకున్న నీకూ జేజేలు!