రెండు పక్షాలూ నమ్మిన పంతులు

"పొలిటికల్ సైన్సా? దాంతో ఉద్యోగం వస్తదా?" ఈ వారం మన ఏజెన్సీలోని ఒక డిగ్రీ కాలేజీ సభలో ఓ పెద్దమనిషి కోయ పిల్లల ముందే అన్న మాట ఇది. విన్నప్పటి నుంచి మనసు కుదురుగా లేదు.

నా పట్టుదల మీకు తెలిసిందే. రాజకీయం పోడు భూమిలో నేర్చుకోవాలి గానీ తరగతి గదిలో కాదని ఎన్నోసార్లు రాశాను. భద్రాచలంలో మూడుసార్లు ఎమ్మెల్యేగా గెలిచినా బస్సుల్లో, ఆటోల్లోనే తిరిగిన సున్నం రాజయ్యను, ఇల్లెందులో ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్యను సాక్ష్యానికి పిలిచాను.

ఆ సభలో కూర్చున్న నాకు మాత్రం 2012 వేసవి గుర్తొచ్చింది. చింతూరు, కుంట దాటితే సుక్మా. ఏప్రిల్ 21న ఆ జిల్లా కలెక్టర్ అలెక్స్ పాల్ మేనన్‌ను మావోయిస్టులు ఎత్తుకెళ్లారు. ఆయన అంగరక్షకులిద్దరినీ చంపేశారు. మావోయిస్టుల తరఫున మధ్యవర్తులుగా బస్తర్ మాజీ కలెక్టర్ బి.డి.శర్మ, మన ప్రొఫెసర్ హరగోపాల్ వచ్చారు. ప్రభుత్వం తరఫున నిర్మలా బుచ్, ఎస్.కె.మిశ్రా కూర్చున్నారు. జైళ్లలో మగ్గుతున్న ఆదివాసుల కేసులను సమీక్షించేందుకు బుచ్ నాయకత్వంలో కమిటీ వేయడానికి ఒప్పందం కుదిరింది. మే 3న శర్మ, హరగోపాల్ తాడ్‌మెట్ల వైపు అడవిలోకి వెళ్లి కలెక్టర్‌ను వెంటబెట్టుకొచ్చారు. 2010లో 76 మంది జవాన్లు ప్రాణాలు కోల్పోయిన ప్రాంతమది. 2011లో మల్కనగిరి కలెక్టర్ వినీల్ కృష్ణ విడుదలకు జరిగిన చర్చల్లోనూ హరగోపాల్ ఉన్నారు.

ఇంతకీ ఆయన కొలువు ఏమిటి? కాకతీయలో, తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రాజకీయశాస్త్రం చెప్పడం. ఎస్.ఆర్.శంకరన్ నడిపిన పౌర స్పందన వేదికలో శాంతి కోసం తిరగడం. అలాంటి మనిషి పేరు కూడా 2022 నాటి తాడ్వాయి ఉపా కేసులో ఉందని మరుసటి ఏడాది బయటపడింది. జనం నిలదీశాకే ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

రాజకీయశాస్త్రం చెప్పే పంతులు ఎదుటి పక్షం వాదనను ఆ పక్షం వాళ్లే ఔననేలా ముందు వినిపించాలి. తన మాట ఆ తర్వాతే. ఏళ్ల తరబడి ఆ పని చేసిన మనిషిని నమ్మి ఇటు సర్కారు, అటు అడవి రెండూ మాట్లాడాయని నా నమ్మకం. పోడు పోరాటం హక్కు అడగడం నేర్పుతుంది. తనకు గిట్టని మాటను కూడా చివరిదాకా విని జవాబు చెప్పే శిక్షణ తరగతి గదిలో దొరుకుతుంది. మన అడవికి ఈ రెండూ కావాలి.

అందుకే అధికారులకు చెబుతున్నాను: పదిమందే చేరారని ఏజెన్సీ కాలేజీల్లో పొలిటికల్ సైన్స్ సెక్షన్ ఎత్తేయొద్దు. 1/70 చట్టం, 1996 నాటి పెసా, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభలో చదివి వినిపించి, ఆఫీసరు చెప్పేది విని, సమాధానం అడగగల మనిషి ప్రతి గూడెంలో ఉండాలి. ఆ మనిషి గూడెం బిడ్డే కావాలి.