పునరుక్తి దోషమేనా?

కావ్యంలో పునరుక్తిని దోషంగా ఎంచడం మన అలంకారశాస్త్ర సంప్రదాయం. ప్రక్షేపాల నుంచి చిత్రాన్ని పునర్నిర్మించే గణితంలో ఆ తీర్పు చెల్లదు.

నాలుగు గళ్ళ చదరాన్ని తీసుకుందాం. ప్రతి గడిలో 0 గాని 1 గాని ఉంటుంది. అడ్డు వరుసల మొత్తాలు 1, 1. నిలువు వరుసలవీ 1, 1. ఈ కొలతలకు రెండు చిత్రాలు సరిపోతాయి: 1లు ఈ కర్ణం మీదైనా ఉండవచ్చు, ఆ కర్ణం మీదైనా ఉండవచ్చు. ఇటువంటి సందిగ్ధతను 1957లో హెర్బర్ట్ రైసర్ గణితబద్ధం చేశాడు. ఒక కర్ణం మొత్తం 2 అని తెలిస్తే సందేహం తీరుతుంది. ఇక రెండవ కర్ణాన్ని కొలవడం వృథా అనిపిస్తుంది. కాని అక్కడా 2 వస్తే, ఏదో కొలత తప్పిందని తెలుస్తుంది. మొదటి కర్ణం కొలత పోయినా, రెండవది చిత్రాన్ని నిలబెడుతుంది.

1971లో హౌన్స్‌ఫీల్డ్ యంత్రం తొలి రోగి మెదడును చిత్రించింది. సీటీ స్కానులో ప్రతి అదనపు ప్రక్షేపానికీ రోగి కొంత రేడియేషన్ భరించాలి. కనుక తగ్గించాలనడం న్యాయమే. అయితే కొలవని చోటును “శరీరం సాధారణంగా ఇలా ఉంటుంది” అన్న ఊహతో పూరిస్తే చిక్కు. సాధారణం కానిదేదో ఉందన్న అనుమానంతోనే కదా రోగి వచ్చేది! పద్ధతికి గీటురాయి చిత్రం నునుపు కాదు. తప్పును పట్టివ్వగల కొలతలు ఎన్ని మిగిలాయన్నదే.